అన్నదమ్ముల మునక

అంకులి నుంచి ఆకుకూరల తట్టతో పొద్దున్నే వచ్చే గౌరి నాకు ఆ కబురు మొదట తెచ్చింది. తట్ట దించుకోకుండానే గుమ్మంలో నిలబడిపోయి, "అమ్మా, మా మేష్టారు ఎల్లిపోనారు. నిన్న సందేల మంచం మీద కూకొని మంచినీళ్ళు అడిగినారట. కోడలు గలాసు తెచ్చేలోగానే అయిపోనాది" అంది. ఏ మేష్టారని నేను అడగలేదు. అంకులిలో నాకు మేష్టారంటే ఒక్కరే. తట్టకు చెయ్యి సాయం పట్టి దించి, ఆ పిల్లకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, దేవుడి గదిలోకి వెళ్ళాను. దీపం పక్కన గంధపు చెక్క పెట్టెలో బొటనవేలంత పట్టు గుడ్డ ముక్క ఒకటుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత నెయ్యి రంగుకు తిరిగింది. దానికి రెండు ముళ్ళు, ఒకదాని మీద ఒకటి. ఇన్నేళ్ళలో వాటిని ఎవరూ విప్పలేదు. ఆ ముళ్ళు పడిన చెయ్యి ఇప్పుడు చల్లబడిపోయింది. ఇక ఈ సంగతి చెప్పవలసిన వాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే గనక, దేవుడి దయవల్ల చూపు, వేళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి గనక, రాస్తున్నాను.

మా నాన్నగారిది బరంపురంలో పట్టు వ్యాపారం. అప్పటికి మనం మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉండేవాళ్ళం. ఇల్లంతా పచ్చి పట్టు వాసన. తెలియని వాళ్ళు ముక్కు మూసుకొనేవారు గాని మాకు అది అన్నం ఉడికే వాసనంత మామూలు. ఇంటి వెనక జామతోటలో ఒక పొడుగాటి పెంకుటిల్లు ఉండేది. కొడల నుంచి, ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి కాలేజీ చదువుకు వచ్చే మన వర్తకుల పిల్లలకు నాన్నగారు దాన్ని ఇచ్చేశారు. అందరూ దాన్ని బస అనేవారు. వాళ్ళ వంట, వాళ్ళ జ్వరాలు, వాళ్ళ అలకలు అన్నీ మా మేనత్త సుభద్ర మీదే నడిచేవి. నాన్నగారి కన్న పన్నెండేళ్ళు పెద్దది, చిన్నతనంలోనే పుట్టింటికి తిరిగి వచ్చేసిన మనిషి. తెల్లవారుజామునే నూతి దగ్గర నీళ్ళు పోసుకొని, దండెం మీద విడిగా ఆరవేసిన తెల్ల పట్టు కట్టుకొని పొయ్యి ముట్టించేది. ఆ పట్టు తప్ప మరో గుడ్డతో ఆవిడ దేవుడి పని గాని వంట పని గాని చేసేది కాదు. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. పప్పు ఉడికేలోగా ఒక పద్యం, చారు పొంగేలోగా ఇంకో పద్యం. బడి మొహం చూడని నేను ఈ వయసులో నాలుగు మాటలు కూర్చి రాయగలుగుతున్నానంటే ఆ పొయ్యి గడ్డ దగ్గర పెట్టిన భిక్షే.

బసలో పన్నెండు మంది ఉండేవారు. వాళ్ళకు వాళ్ళే అన్నదమ్ముల సంఘం అని పేరు పెట్టుకొన్నారు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ పాతవాళ్ళలో ఒకరు అన్న అవుతారు. అందరి మీదా ఒక పెద్దన్న. వాళ్ళలో మంచి లేదనను. ఒక కుర్రవాడికి టైఫాయిడ్ వస్తే మూడు వారాలు వంతులు వేసుకొని తడిగుడ్డలు వేసి బతికించుకొన్నారు. ఒకడికి తండ్రి పోతే మిగతా అందరూ వాడితో రైలెక్కి వెళ్ళారు. అయితే ఆ అన్నదమ్ముల్లో చేరడానికి కొన్ని తంతులు ఉండేవి. కొత్తవాడు పాతవాళ్ళ గదులు ఊడవాలి, వేపాకు ముద్ద నవ్వుతూ మింగాలి, అన్న కూర్చోమంటే కూర్చోవాలి, నిలబడమంటే నిలబడాలి. చివరిది సముద్రపు మునక. తొలి ఏకాదశి నాడు కొత్తవాణ్ణి అన్న చెయ్యి పట్టుకొని సముద్రంలో మూడు మునకలు వేయించి తెస్తే అప్పటి నుంచి వాడు తమ్ముడు. గోపాలపురంలో దొరల బంగళాలు, అక్కడ గుంపుగా దిగితే జవాన్లు అదిలిస్తారని వీళ్ళు ఇచ్ఛాపురం దాకా రైల్లో వెళ్ళి, అక్కడ నుంచి బళ్ళ మీద రామయ్యపట్నం పోయేవారు. ఇందులో ఏదన్నా జరిగితే ఎవరు పూచీ అని ఎవరూ అడగలేదు. నాన్నగారు ఇల్లిచ్చారు, అత్త అన్నం పెట్టింది, కాలేజీ పాఠం చెప్పింది, పిల్లలు ఆడుకొన్నారు. అందరం మా మా పనులు చక్కగా చేశాం.

ఆ ఏడు కొత్తగా వచ్చిన వాళ్ళలో దామోదరం ఒకడు. కొడలలో కిరాణా వర్తకుడి పెద్దకొడుకు, పదిహేడేళ్ళవాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి. వచ్చిన నాలుగో రోజున వంటింటి గడప అవతల నిలబడి, "అత్తా, మా అమ్మ సారులో బెల్లం ఏస్తాది. నువ్వు ఎయ్యవేటి?" అని అడిగాడు. మర్నాటి నుంచి చారులో బెల్లం పడింది. వాడు ఒడియా బళ్ళో చదివిన వాడు. నాకు ఒడియా అక్షరాలు రావని తెలిసి, అత్త ముగ్గు వేయగా మిగిలిన పిండితో వసారాలో రోజూ మూడేసి అక్షరాలు వేసి దిద్దించేవాడు. "అన్నీ గుండ్రంగానే ఉన్నాయి, ఏది ఏదో తెలీట్లేదు" అని నేను విసుక్కుంటే, "లడ్డూలన్నీ గుండ్రంగానే ఉంటాయి కదే సెల్లమ్మా, అందులో నువ్వుల లడ్డూ ఏదో నీకు తెలీదేటి?" అనేవాడు. వాడు మాతో ఉన్నది మూడు వారాలే. 'మ' దాకా వచ్చాం. మిగిలిన అక్షరాలు తరువాత ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

దామోదరానికి అన్నగా అప్పలనరసయ్యను నియమించారు. ఇచ్ఛాపురం దగ్గర పల్లె రైతు కొడుకు, ఇరవై ఏళ్ళవాడు, మాట తక్కువ. అంతకు ముందు ఏళ్ళలో మునక వేసేటప్పుడు తువాలు ఒక కొస అన్న, రెండో కొస తమ్ముడు పట్టుకొనేవారు. పట్టుకోవడమే గాని కట్టుకోవడం లేదు. ఆ ఏడు దశమి పొద్దున్న పెద్దన్న తువాళ్ళు సర్దుతూ ఉంటే అత్త చూసి చీదరించుకొంది. "ఏకాదశి నాడు సముద్రస్నానం ఏటి, ఆ మైల తువాలేటి? నాను పట్టు ఇస్తాను ఉండండి" అని, తన మడి పట్టు పాతది తీసింది. చింపడానికి రెండో వైపు నన్ను పట్టుకోమంది. పట్టు చిరిగేటప్పుడు వచ్చే ఆ సన్నని కీచు చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉంది. నలుగురు కొత్తవాళ్ళకు నాలుగు పేలికలు. పెద్దన్న ఒకటి చేతికి చుట్టుకొని చూసి, "ఇది జారిపోతందత్తా" అన్నాడు. "జారదూ మరి? పట్టు కదా. సేతికీ సేతికీ కట్టుకోండి. జారకుండా రెండేసి ముళ్ళెయ్యండి" అంది అత్త. పట్టు ఇంట పుట్టి పట్టు ఇంట పెరిగిన మనిషి. పొడి పట్టు ఎలా జారుతుందో వేళ్ళకు తెలుసు గనక అలా చెప్పింది. తడిస్తే పట్టు ముడి ఎలా బిగుసుకుపోతుందో కూడా ఆ వేళ్ళకు తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

పెద్దన్న దామోదరాన్ని చూపించి, "ఈ తమ్ముడు సెరువు గట్టు కూడా ఎక్కడటత్తా. రేపు సముద్రం సూస్తే పంచె తడిపేసుకుంటాడు" అన్నాడు. అందరూ నవ్వారు. దామోదరం కూడా నవ్వి, "తడవడానికే కదన్నా ఎల్తన్నాం. నాను కాస్త ముందుగా తడిస్తే నీకేటి నష్టం?" అన్నాడు. అత్తకు కూడా నవ్వు ఆగలేదు. నవ్వాపుకొని, "నిజంగా బయమా నాయినా?" అని అడిగింది. వాడు పాతవాళ్ళ మొహాల వైపు ఒకసారి చూసి, "లేదత్తా" అన్నాడు. ఉందని ఎలా అంటాడు? మునక లేనివాడికి అన్న ఉండడు. అన్న లేనివాడు బసలో ఏడాది పొడుగునా ఒంటిగాడు. అది అందరికీ తెలుసు. ఆ చూపు నేనూ చూశాను, అత్తా చూసింది. దారికి అటుకులు, అరటిపళ్ళు, కొబ్బరి చెక్కలు మూటకట్టి పంపింది.

సముద్రం దగ్గర జరిగింది నేను చూడలేదు. నరసయ్య నోటి నుంచి ఎన్నోసార్లు విన్నాను, మాట పొల్లుపోకుండా. వీళ్ళు ఒడ్డుకు చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. తెప్పలన్నీ ఇసక మీదే ఉన్నాయట. ఎర్రయ్య అనే ముసలి పల్లెకారు వల బాగు చేసుకుంటూ వీళ్ళను చూసి, "ఇయ్యేల దిగకండి బాబూ. కింద నీరు లోపలికి లాగుతంది. సూడండి, మా తెప్పలే దిగలేదు" అన్నాడు. పెద్దన్న, "మొలలోతే తాతా. మూడు మునకలేసి వచ్చేస్తాం. తిథి ఎల్లిపోద్ది" అన్నాడు. "తిథి మల్లీ ఏడు వస్తాది బాబూ" అన్నాడు ఎర్రయ్య. మొదటి ముగ్గురూ దిగి నవ్వుకొంటూ తిరిగి వచ్చారు. దాంతో ముసలాయన మాటను గాలికి వదిలేశారు. చివరగా నరసయ్య, దామోదరం దిగారు. రెండు మునకలు అయ్యాయి. మూడో దానికి అల వచ్చి ఇద్దరి కాళ్ళూ ఊడదీసింది. కింద నీరు లోపలికి ఈడ్చింది. నరసయ్యకు ఈత వచ్చు. వాడొక్కడే అయితే బయటపడేవాడు. దామోదరం ఒక్కడే అయినా రెండో అల ఒడ్డుకు విసిరేదేమో, చెప్పలేం. మూరెడు పట్టు ఇద్దరినీ కలిపి ఉంచింది. నరసయ్య ముడిని పళ్ళతో లాగాడట, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది గాని ముడి కదల్లేదు. ఎర్రయ్య తెప్ప నీళ్ళలోకి తోసుకొని వచ్చి, వల కోసే కత్తితో మధ్యన పేలిక తెగ్గొట్టి, చేతికి దొరికిన జుట్టు పట్టుకొని తెప్ప మీదికి లాగాడు. ఆ దొరికిన జుట్టు నరసయ్యది. దామోదరం మర్నాడు పొద్దున్న రెండు మైళ్ళ అవతల ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

తిరుగుదారిలో ఇచ్ఛాపురం స్టేషనులో కర్పూరం వెలిగించి పెద్దన్న అందరి చేతా ఒట్టు వేయించాడు. దామోదరం ఎవరికీ చెప్పకుండా ఒక్కడే స్నానానికి దిగాడు, అరుపు విని నరసయ్య రక్షించబోయాడు, అదీ మాట. స్పృహ ఉండీ లేని నరసయ్య చెయ్యి కూడా పట్టి ఆ కర్పూరం మీద చాపించారట. గ్రామ మునసబుకూ అప్పటికే అదే చెప్పారు, దామోదరం చేతి పేలిక మొక్కు తోరమన్నారు, కాగితంలోనూ అలాగే పడింది. మా ఇంటికి వచ్చిన ప్లీడరు గారు ఆ కాగితం చదివి తృప్తిగా మడిచారు. "చూడండి, సంఘం మీది కాదు, సరదా మీది కాదు, సముద్రం మీది కాదు. ఇల్లు మాత్రమే మీది. ఆ ఇంట్లో ఏమీ జరగలేదు. కుర్రవాడు తన కాళ్ళతో తాను వెళ్ళాడు. ఈ మాట దాటి ఎవరూ ఒక్క మాట మాట్లాడకపోతే మీకు పూచీ లేదు" అని నాన్నగారికి చెప్పారు. నాన్నగారు తల ఊపారు. ఆయన చెడ్డవారు కాదు. మూడు రోజులుగా తినలేదు, నిద్ర లేదు. భయపడ్డ మంచివారు.

మా ఇంట్లో భోజనాలు కాగానే పిల్లలు వరుసగా నూతి చప్టా దగ్గర రెండు చేతులూ చాపితే అత్త చెంబుతో నీళ్ళు పోయడం అలవాటు. రెండో రోజున నరసయ్య ఒక చెయ్యే చాపాడు. ఎండాకాలం ఉక్క ఇంకా పోలేదు, అయినా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాం పెట్టుకొని ఉన్నాడు. అత్త చెంబు కింద పెట్టి, ఆ రెండో చెయ్యి పట్టుకొని చొక్కా పైకి తోసింది. మణికట్టు చుట్టూ పట్టు పేలిక, చర్మంలోకి దిగిపోయి, చుట్టూ కమిలి. కత్తితో తెగిన కొస ఒకటి వేలాడుతోంది. అత్త ముడి మీద వేళ్ళు పెట్టింది. గోళ్ళతో ప్రయత్నించింది. రాలేదు. అలాగే చప్టా మీద చతికిలబడి, "నాను సెప్పినాను. రెండు ముళ్ళెయ్యమని నానే సెప్పినాను" అంది. నరసయ్య చిన్నపిల్లవాడిలా ఏడ్చి మొత్తం చెప్పేశాడు. నేను కత్తెర తెస్తానని లేచాను. అత్త నా కొంగు పట్టి ఆపింది. "ఒద్దు. ఆళ్ళ నాన్న ఒచ్చీదాకా ఉండనీ" అంది.

ఆ మధ్యాహ్నం అత్త, నాన్నగారు మాట్లాడుకోవడం గది బయట కూర్చుని విన్నాను. "అక్కా, నిజం బయటికి వస్తే కాలేజీ వాళ్ళు అందర్నీ తరిమేస్తారు. పన్నెండు మంది పిల్లల సదువు పోతాది. కోర్టులో నన్ను నిలబెడతారు" అన్నారు నాన్నగారు. "పదకొండు మందిరా తమ్ముడూ" అంది అత్త.

దామోదరం తండ్రి కర్మలు కాకముందే పెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. ఆయనకు కూర్చోవడానికి చాప వేశారు. ప్లీడరు గారు, నాన్నగారు ఒక పక్క, బసలోని పిల్లలు గోడ వార. ప్లీడరు గారే కాగితం చదివి వినిపించారు. దామోదరం తండ్రి పూర్తిగా విన్నాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. కొడుకు పెట్టె మీద చెయ్యి వేసుకొని, "బాబూ, నాకు ఒక్క సంగతి అర్దం కావట్లేదు. మావోడికి నీలంటే బయం. సిన్నప్పుడు సెరువులో కాలు జారినాడు, అప్పట్నుంచి చెంబుతో పోసుకోడమే గాని మునిగి ఎరగడు. అలాటోడు ఎవలూ లేకండా ఒక్కడూ సముద్రంలోకి ఎందుకు దిగినాడు?" అన్నాడు. ప్లీడరు గారు కళ్ళజోడు తుడుచుకొన్నారు. తండ్రి మళ్ళీ, "నాను దెబ్బలాటకి రాలేదు. ఇంటికెల్తే ఆళ్ళమ్మ ఇదే అడుగుతాది. ఏటి సెప్పాల?" అన్నాడు.

మా అత్త జీవితంలో ఎప్పుడూ పరాయి మగవాళ్ళ ముందుకు రాలేదు. ఆ రోజు తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. నరసయ్య చెయ్యి పట్టుకొని నడిపించుకొంటూ తెచ్చి ఆయన ముందు కూర్చోబెట్టి చొక్కా చెయ్యి పైకి తీసింది. "అన్నా, ఆడు ఒక్కడూ దిగలేదు. మా పిల్లలు దింపినారు. రెండో కొస మీవోడి సేతికుంది. ఈ పట్టు నాది. ముళ్ళెయ్యమన్నది నాను. బయమా అని అడిగి, లేదన్నాడని ఒదిలీసినాను. మీరు ఎవల్ని ఏటి సెయ్యాలన్నా ముందు నన్నడగండి" అంది. పెద్దన్న గోడకు ఆనుకొని మొహం కప్పుకొన్నాడు. నాన్నగారు లేచి వెళ్ళి అత్త పక్కన నిలబడ్డారు. ఆయన్ను తలుచుకొన్నప్పుడల్లా నేను ఆ నాలుగడుగులనే తలుచుకొంటాను.

దామోదరం తండ్రి ఆ మణికట్టును ఒళ్ళో పెట్టుకొని ముడి విప్పబోయాడు. కిరాణా కొట్టులో రోజుకు వంద పొట్లాలకు దారం చుట్టి విప్పే వేళ్ళు. ఎంతసేపు ప్రయత్నించాడో. చివరికి నా వైపు చూసి, "తల్లీ, కత్తెర తే" అన్నాడు. తెచ్చాను. చర్మానికి తగలకుండా తన వేలు అడ్డం పెట్టి, ముడి పక్క నుంచి కత్తిరించి, ముక్క కింద పెట్టాడు. నరసయ్య ఆయనకు అంతా చెప్పాడు, ఎర్రయ్య వద్దన్న మాటతో సహా. విని, ఆయన, "నాకు సెప్పినావు. సరే. ఆళ్ళమ్మకి ఎవలు సెప్తారు?" అన్నాడు. నరసయ్య లేచి ఆ పెట్టె నెత్తిన పెట్టుకొన్నాడు. ఆ బండిలోనే ఇద్దరూ కొడల వెళ్ళిపోయారు. కింద ఉన్న పట్టు ముక్కను అత్త కొంగున ముడి వేసుకొంది.

ఆయన కేసు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఎవరికీ చెప్పలేదు, క్షమించాననీ అనలేదు. నాన్నగారే స్వయంగా వెళ్ళి కాలేజీలో ప్రిన్సిపాలు దొరతో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పెద్దన్నకూ నరసయ్యకూ ఒక ఏడాది చదువు ఆపేశారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరూ తమ చేత్తో జరిగింది రాసి తల్లిదండ్రులకు పంపవలసి వచ్చింది. పెద్దన్న మరి తిరిగి రాలేదు. బస మూసేద్దామని నాన్నగారు అంటే అత్త ఒప్పుకోలేదు. "మూసేస్తే పిల్లలు ఇంకో సోట సేరతారు, ఇంకో సముద్రం సూసుకుంటారు. ఇక్కడే ఉండనీ, మన కళ్ళ ముందర" అంది. మరుసటి ఏడు నుంచి కొత్తవాడు చేరే ముందు వాడికి ఇక్కడ ఏమేమి చేస్తారో నరసయ్య చేత ఉత్తరం రాయించి వాళ్ళ ఇంటికి పంపేది. ఒక్కో కొత్తవాడికి ఎవరు పూచీయో ఆ పేరు కూడా ఉత్తరంలో ఉండేది. ఆ పేరు గలవాడు అత్త ఎదుట దీపం ముందు నిలబడి "నాను పూచీ" అనాలి. ఒంటికి ఏదీ కట్టకూడదు, నోట్లో ఏదీ కుక్కకూడదు. అన్నిటి కంటే ముఖ్యం, ప్రతి కొత్తవాణ్ణీ ఒంటరిగా వంటింటి గడప దగ్గరకు పిలిచి, పాతవాళ్ళు ఎవరూ కనబడకుండా తలుపు వేసి, అప్పుడు అడిగేది భయమా అని. ఉందన్నవాడికి కూడా అన్న ఉండేవాడు. మునక మా నూతి దగ్గరే, అత్త చేతి చెంబుతో మూడు చెంబులు. మొదట్లో పాతవాళ్ళు నవ్వుకొన్నారు. "అన్నదమ్ముల సంఘం కాదురా, అత్తగారి సంఘం" అని వెక్కిరించారు. ఆవిడ ఆ పేరు కూడా సంతోషంగా పుచ్చుకొంది. ఆవిడ ఉన్నంత కాలం ఆ బసలో ఇంకో తల్లికి కడుపుకోత కలగలేదు.

నరసయ్య తరువాత చదువు ముగించి అంకులిలో ఉంటూ బడిపంతులు అయ్యాడు. ఏటా తొలి ఏకాదశికి కొడల వెళ్ళేవాడు. దామోదరం తల్లి ఎదుట కూర్చుని జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పేవాడు. ఆవిడే అడిగింది అలా రమ్మని. ఒకసారి నాతో అన్నాడు: "సెల్లమ్మా, మొదటి ఏడు ఆయమ్మ, నవ్వుతా దిగినాడా నాయినా అని అడిగింది. నవ్వుతానే దిగినాడమ్మా అన్నాను. ఆ మాట ఇని ఊరుకుంది. మర్నాడు ద్వాదశి పారణకి నాకు పీట ఎయ్యలేదు. రెండో ఏడు మల్లీ అదే అడిగింది. అప్పుడు నిజం సెప్పీసినాను. నవ్వలేదమ్మా, బయపడ్డాడు, నా సెయ్యి రెండు సేతుల్తో పట్టుకున్నాడు, గట్టిగా పట్టుకో అన్నా అన్నాడు, అని. ఆయమ్మ ఏడిసింది. మర్నాడు పీట ఏసి, దామోదరానికి ఇష్టమని బెల్లం సారు పోసింది." ఆవిడ పోయేదాకా ఏటా ఆ పీట మీద కూర్చుని తిని వచ్చేవాడు. ఆవిడ పోయాక, ఆ రోజున మా వసారాకు వచ్చి కూర్చుని, "ఇను సెల్లమ్మా" అని నాకు చెప్పేవాడు. నాకు మొత్తం కంఠతా వచ్చు. అయినా వినేదాన్ని. చెప్పేటప్పుడు కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకొని ఉండేవాడు. అక్కడ తెల్లని గీత ఒకటి చివరిదాకా ఉండిపోయింది.

మొన్న మా మనవడిని కాలేజీ హాస్టల్లో చేర్చినప్పుడు ఇంటికి ఒక అచ్చు కాగితం వచ్చింది. నన్ను చదవమన్నాడు. విద్యార్థికి జరిగే ఎటువంటి ప్రమాదానికీ సంస్థ బాధ్యత వహించదని, తల్లిదండ్రులు సంతకం చేయాలని ఉంది. కాగితం బాగుంది, తప్పుల్లేవు. ఇప్పుడు వార్డెన్లు ఉన్నారు, డాక్టర్లు ఉన్నారు, గేటుకు కాపలా ఉంది. పాతవాళ్ళు కొత్తవాళ్ళను ఏడిపిస్తే శిక్షలు ఉన్నాయని కూడా చెప్పాడు. ఇవన్నీ మాకు లేనివి, దేవుడి దయ. అయితే ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా ఒక మనిషి పేరు లేదు. "మరి ఎవరురా పూచీ?" అని అడిగాను. "ఎవరూ కాదనేగా నాన్నమ్మా ఆ సంతకం" అని నవ్వాడు. మా ప్లీడరు గారు గుర్తొచ్చారు. మనవణ్ణి తలుపు వేసి కూర్చోబెట్టి, నీకేదన్నా భయంగా ఉంటే ఉందని చెప్పు నాయనా, కారణం కూడా చెప్పక్కర్లేదు అన్నాను. వింతగా చూశాడు గాని తల ఊపాడు. వాడి పై క్లాసు కుర్రవాడి పేరొకటి కనుక్కొని ఆ కాగితం వెనక పెన్సిలుతో రాసి పంపించాను.

నేను చూసిన పెద్దలందరికీ రుణపడి ఉన్నాను. చదువు పెట్టిన అత్తకు, నాలుగడుగులు నడిచిన నాన్నగారికి, తిథి మళ్ళీ వస్తుందన్న ఎర్రయ్యకు, ఏటా ఒకే కథ ఒకే నిజంతో చెప్పిన నరసయ్యకు. వాళ్ళ గురించి నేను దేవుడికి చెప్పుకొంటాను, మీకు ఆ శ్రమ అక్కరలేదు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈ ఏడు తొలి ఏకాదశికి మా వసారాలో చెప్పేవాడు లేడు. వచ్చే ఏటికి వినేదాన్ని నేనూ ఉంటానో లేదో. ఆ రోజు మీరు ఎక్కడున్నా, చెంబుతో నీళ్ళు పోసుకొనేటప్పుడు, కొడల దామోదరాన్ని ఒక్కసారి తలుచుకోండి. పదిహేడేళ్ళవాడు. చారులో బెల్లం ఉండాలి. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఆ రోజు నవ్వలేదు. అన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకొని, గట్టిగా పట్టుకో అన్నాడు.